ఎర్ర చుక్క పక్కన రెండు

కొత్తగా ఉద్యోగంలో చేరిన భూగోళం టీచర్లు నన్ను చూడవచ్చినప్పుడల్లా అడిగే ప్రశ్న ఒకటుంది. "పిల్లలకు ఆసక్తి కలిగేలా పాఠం ఎలా తయారు చేసుకోవాలి మేడం?" ముప్పై రెండేళ్ళు అదే పని చేసి రిటైరయినదాన్ని కాబట్టి నా దగ్గర ఏవో కిటుకులు ఉంటాయని వాళ్ళ ఆశ. ఉన్నాయి, చెబుతాను కూడా. కానీ నేను తయారు చేసిన మొట్టమొదటి ఆసక్తికరమైన పాఠం గురించి మాత్రం ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అది ఎంత ఆసక్తికరంగా కుదిరిందంటే, దాని పుణ్యమా అని పదకొండు రోజులు నాకు అన్నం సహించలేదు. వీధిలో చెప్పుల చప్పుడు వినపడితే చాలు, చేతిలో ఉన్నది జారిపోయేది. ఇప్పుడు చెబుతున్నాను. నవ్వుకునేచోట నవ్వుకోండి, కానీ నేను చేసిన పని మీరు చేయకండి.

పంతొమ్మిది వందల అరవై ఎనిమిదిలో నేను యూనివర్సిటీ క్యాంపస్‌లో బి.ఎడ్. చదువుతున్నాను. వయసు ఇరవై మూడు. మాది బందరు దగ్గర ఒక పల్లె, నాన్న చర్చి బడిలో పంతులు. తార్నాకలో మా పెద్దమ్మ ఉండేది. ఆమె కూడా టీచరుగా చేసి రిటైరయింది. పెదనాన్న పోయాక రెండు గదుల ఇంట్లో ఒక్కతే ఉంటోంది. నేను ఆమెకు తోడుగా వచ్చానని మా నాన్న అనుకునేవాడు, తను నాకు కాపలా అని పెద్దమ్మ అనుకునేది. పొద్దున్నే లాలాగూడ రైల్వే వర్క్‌షాప్ కూత వినపడగానే ఆమె ప్రార్థన ముగించి కాఫీ పెట్టేది. నేను తాగి, నడుచుకుంటూ క్యాంపస్‌కు వెళ్ళేదాన్ని.

భూగోళం తీసుకున్నవాళ్ళం తొమ్మిదిమందిమి. అందులో నాకు బాగా దగ్గరయింది అక్క. సొంత అక్క కాదు, నాకంటే మూడేళ్ళు పెద్దది. నల్లగొండ జిల్లాలో వ్యవసాయం చేసుకునే కుటుంబం వాళ్ళది. ఆ ఊళ్ళో డిగ్రీ చదివిన మొదటి ఆడపిల్ల. సీతాఫల్‌మండిలో వాళ్ళ అన్న ఇంట్లో ఉండి చదువుకునేది. మా పెద్దమ్మ చేసే చేపల పులుసంటే ఆమెకు ప్రాణం. ఆదివారం మేం చర్చి నుంచి వచ్చేసరికి అరుగు మీద కూర్చుని ఉండేది. "ఏంది పెద్దమ్మా, పులుసు నువ్వు పెడ్తవా, నేనే పెట్టుకోవాల్నా?" అనేది. పెద్దమ్మ ఎవరినీ అంత చనువుగా వంటింట్లోకి రానిచ్చేది కాదు. అక్కను రానిచ్చింది.

బి.ఎడ్. చదివినవాళ్ళకు తెలుసు, దసరా సెలవులయ్యాక టీచింగ్ ప్రాక్టీస్ మొదలవుతుంది. దగ్గరలోని ఒక హైస్కూల్లో తొమ్మిదో తరగతి నాకూ అక్కకూ కలిపి ఇచ్చారు. పాఠానికి ముందు రోజే ప్లాను రాసి మా మాస్టారికి చూపించి సంతకం పెట్టించుకోవాలి. మొదటి వారం నేను టండ్రా ప్రాంతం చెప్పాను. చెబుతుంటే వెనక బెంచీలో ఇద్దరు నిద్రపోయారు. మూడో బెంచీలో ఉన్నవాళ్ళు మర్యాదస్థులు, కళ్ళు తెరిచి నిద్రపోయారు.

"గీ పిల్లలకు బ్రెజిల్‌ల కాఫీ తోటలు తెలుసు. వాళ్ళ ఇంటెనక మోరి ఎటు పారుతదో తెల్వది చెల్లె," అంది అక్క, బయటికి వచ్చాక.

ఆ మాటే నాకు పట్టుకుంది. రెండు రోజులు కూర్చుని కొత్త ప్లాను రాశాను. పేరు 'మన వాడ'. స్కూలు గేటు నుంచి రైలు పట్టాల దాకా ఉన్న ఆరు వీధులను పిల్లలే అడుగులతో కొలిచి, వాళ్ళే మ్యాపు గీయాలి. నల్లాలు, బావులు, పోస్టు డబ్బా, గుడి, మసీదు, చర్చి అన్నిటికీ గుర్తులు. ఇంతవరకు బాగానే ఉంది. ఇక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు. కానీ సిలబస్‌లో 'వలసలు' అనే పాఠం ఉంది, 'జనసాంద్రత' అనే పాఠం ఉంది. అవి కూడా ఇందులోనే ఇరికిస్తే మాస్టారు మురిసిపోతారని నాకు ఆశ పుట్టింది. అందుకని ప్రతి ఇంటికీ ఒక చుక్క పెట్టించాను. కోస్తా జిల్లాల నుంచి వచ్చిన కుటుంబానికి ఎర్ర చుక్క. తెలంగాణ జిల్లాలవాళ్ళకు ఆకుపచ్చ. నగరంలోనే పుట్టి పెరిగినవాళ్ళకు పసుపు. వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన రైల్వేవాళ్ళకు నీలం. చుక్క పక్కన, ఆ ఇంట్లో ఎంతమంది ఉంటారో ఆ అంకె.

పిల్లలు ఎగిరి గంతేశారు. మూడు వారాలు సాయంత్రాలు గుంపులు గుంపులుగా ఇళ్ళ మీద పడ్డారు. అక్క ఒక గుంపుతో, నేను ఒక గుంపుతో తిరిగాం. ఇళ్ళవాళ్ళు విసుక్కోలేదు సరికదా, కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి మరీ చెప్పారు. ఒకాయన తన తాత ఏ ఊరి నుంచి బయలుదేరి ఏ ఊళ్ళో ఎన్నేళ్ళున్నాడో గంటసేపు చెప్పాడు. "మాది ఏలూరమ్మా, ఏలూరు అని రాయండి, ఉత్త చుక్కేనా?" అని ఒకావిడ చిన్నబుచ్చుకుంది. వెనక బెంచీలో నిద్రపోయే ఇద్దరే అందరికన్నా ఎక్కువ ఇళ్ళు తిరిగారు.

డ్రాయింగ్ షీట్లు ఒకదాని పక్కన ఒకటి అతికించి, చిరగకుండా వెనకాల పెద్దమ్మ పాత దుప్పటి వేసి మైదా జిగురుతో అంటించాం. నీలం అంచు దుప్పటి. మ్యాపు తలుపంత వెడల్పు అయింది. మా ఇంటికి చుక్క నేనే పెట్టాను. ఎర్ర చుక్క, పక్కన రెండు.

మాస్టారు దాని ముందు నిలబడి ఒక్కో వీధినీ వేలితో చూసుకుంటూ వెళ్ళారు. తర్వాత అద్దాలు తీసి తుడుచుకుని, "ఇరవై ఏళ్ళుగా నేను చెప్తున్నది ఇదేనమ్మా," అన్నారు. దాన్ని కాలేజీలో మా మెథడ్ గదిలో, అంటే బోధనా పద్ధతుల క్లాసు జరిగే గదిలో, గోడకు కొట్టించారు. మేకులు కొట్టింది మా కాలేజీ అటెండరు. ముసలాయన, వారాసిగూడలో ఉండేవాడు, అందరం తాతా అనేవాళ్ళం. నాలుగో మేకు కొట్టి ఆయన కూడా వెనక్కి జరిగి చూశాడు.

"ఈ చుక్కలేంది టీచరమ్మా?"

చెప్పాను. ఎర్రది ఎవరిదో, ఆకుపచ్చది ఎవరిదో, అంకె దేనికో.

"వారాసిగూడ ఉన్నదా ఇందుల?"

"లేదు తాతా. అంత దూరం వెళ్ళలేదు."

"అచ్ఛా. మంచిగయింది," అని సుత్తి తీసుకుని వెళ్ళిపోయాడు. తన వాడ లేనందుకు సంతోషించిన మనిషిని చూసి అక్కా నేనూ నవ్వుకున్నాం.

జనవరిలో ప్రత్యేక తెలంగాణ రాష్ట్రం కోసం గొడవలు మొదలయ్యాయి. మీలో చాలామంది పుట్టక ముందు మాట. మొదట స్కూళ్ళు మూతపడ్డాయి, తర్వాత కాలేజీలు. క్యాంపస్‌లో రోజూ మీటింగులు, రోడ్డు మీద ఊరేగింపులు, పోలీసు వ్యాన్లు. కళ్ళు మండే పొగ గాలికి మా వీధి దాకా వచ్చేది. అక్క మీటింగులకు వెళ్ళేది. నాకు దాచలేదు. "మా ఊర్ల మెట్రిక్ పాసైనోళ్ళు పదిమంది ఇంట్ల కూసున్నరు చెల్లె. మాకని రాసిన నౌకర్లు మాకు రావట్లె. అడగొద్దా మరి?" అంది. అడగొద్దని నేనెలా అంటాను? నగరంలో టీచరు ఉద్యోగం దొరుకుతుందన్న ఆశతో బందరు నుంచి వచ్చినదాన్ని. ఆమె చెప్పే లెక్కలో నేనూ ఒకదాన్నే. న్యాయం ఆమె వైపు కనపడేది, భయం నా వైపు ఉండేది.

భయమంటే ఏమిటో అంతకు ముందు నాకు తెలియదు. మా వీధిలో ఒకాయన ఇంటి ముందు పేరు పలక ఊడదీసి బీరువా వెనక పెట్టాడు. ఇంకొకరు ఆడవాళ్ళనూ పిల్లలనూ రైలెక్కించి ఊరికి పంపించేశారు. ఏలూరు అని రాయమన్న ఆవిడ ఇంటికి తాళం పడింది. నేను దుకాణానికి వెళ్తే నోరు విప్పకుండా, కావలసినదాన్ని వేలితో చూపించి తెచ్చుకునేదాన్ని. నోరు విప్పితే నా యాస ఊరు చెప్పేస్తుంది. పెద్దమ్మ మాత్రం గుమ్మం పైన వేలాడే బైబిలు వాక్యం పలకను తీయలేదు. "తీస్తే నేను జడిసినట్టు దేవుడికి తెలిసిపోతుందే," అంది. ఆ మాటన్న చేత్తోనే తలుపుకు రెండో గడియ కూడా వేసింది.

అట్లాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం ఎవరో తలుపు తట్టారు. నేను సగం తెరిచాను. ఎప్పుడూ చూడని యువకుడు, ఇరవై ఏళ్ళుంటాయి, కాలేజీ కుర్రాడిలాగే ఉన్నాడు. నా వెనక్కి తొంగిచూసి, "ఇంట్ల ఇద్దరే ఉంటరా?" అన్నాడు.

నేను తలుపు వేసేశాను. అతను బయట ఇంకేదో అన్నాడు, రెండుసార్లు తట్టాడు, తర్వాత వెళ్ళిపోయాడు. వీపు తలుపుకు ఆనించి నిలబడిపోయాను. ఇద్దరే అని ఇతనికి ఎలా తెలుసు? ఎక్కడ చూశాడు? అప్పుడు గుర్తొచ్చింది. ఎర్ర చుక్క, పక్కన రెండు.

ఆ మ్యాపు మీద ఆరు వీధులున్నాయి. ఏ ఇల్లు ఎవరిదో, ఎక్కడి నుంచి వచ్చారో, ఎంతమంది ఉంటారో, ఏ సందులోంచి వెళ్ళాలో అన్నీ ఉన్నాయి. కొలత కూడా తప్పు లేదు, నేనే దగ్గరుండి సరిచూశాను. కింద మూలన ఏ రంగు ఎవరిదో వివరంగా పట్టిక కూడా ఉంది. అదీ నా అందమైన చేతిరాతతోనే. అది వేలాడుతున్న గదికి రెండు గదుల అవతల రోజూ మీటింగులు జరుగుతున్నాయి.

మర్నాడు పొద్దున పెద్దమ్మకు రికార్డు తెచ్చుకోవాలని అబద్ధం చెప్పి కాలేజీకి వెళ్ళాను. మెథడ్ గదికి తాళం వేసి ఉంది. కిటికీ చువ్వల్లోంచి చూశాను. గోడ మీద నాలుగు మేకులు ఉన్నాయి. వాటి మధ్య తలుపంత మేర సున్నం తెల్లగా కనిపిస్తోంది. మ్యాపు లేదు.

అక్కడి నుంచి మాస్టారింటికి వెళ్ళాను. ఆయన నన్ను లోపలికి రమ్మనలేదు. వరండాలోనే నిలబెట్టి, వీధి వైపు ఒకసారి చూసి, "ఏ మ్యాపు?" అన్నారు.

"మన వాడ మ్యాపు, మాస్టారూ. మీరే గోడకు కొట్టించారు."

"నేను అలాంటివి చాలా చూస్తానమ్మా. అది నీ వర్కు. రికార్డులో నా సంతకం ఉంటుంది కానీ, ఐడియా నీది." గొంతు తగ్గించి, "దాని సంగతి ఎవరితోనూ అనకు. నా పేరు అసలే అనకు," అన్నారు. ఇరవై ఏళ్ళుగా తాను చెబుతున్నది ఇదేనన్న మనిషి ఆయనే. అప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడు రావడం లేదు. ఆయనకూ ఇల్లుంది, పిల్లలున్నారు, ఆయనకూ నాకు వేసినంత భయం వేసి ఉంటుంది.

ఇక నా బుర్ర ఒకే దారిలో పరుగెత్తింది. మ్యాపు గురించి పూర్తిగా తెలిసినవాళ్ళెవరు? నాతో కలిసి ఇళ్ళు తిరిగినది అక్క. చుక్కల అర్థం తెలిసినది అక్క. రోజూ ఆ మీటింగులకు వెళ్తున్నదీ అక్కే. సీతాఫల్‌మండిలో వాళ్ళ ఇల్లు చేరేసరికి నాకు అనుమానం కూడా మిగల్లేదు, అన్నీ రుజువులే.

అక్క గుమ్మంలో కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. నన్ను చూసి లేవబోయింది. "చెల్లె, గింత గొడవల ఒక్కదానివే వచ్చినవా?"

"మ్యాపు ఎక్కడుంది అక్కా?"

"ఏ మ్యాపు?"

"మనం చేసిందే. గోడ మీద లేదు."

"లేకుంటె నాకేమెరుక?"

"నువ్వు రోజూ అక్కడికి వెళ్తున్నావు కదా. ఎవరికైనా ఇచ్చావా?"

ఆమె చేతులు ఆగాయి. "ఎవరికిస్త?"

"మీవాళ్ళకు."

అక్క చాట పక్కన పెట్టింది. అందులోంచి ఒక రాయి తీసి, దాన్ని చూస్తూ, "మావోళ్ళంటె ఎవరు చెల్లె?" అంది. ఆమె రాయిని వాకిట్లోకి విసిరేసి, "బస్సులు బందయితయంటున్నరు. పొద్దుండంగనె ఇంటికి పో," అని లోపలికి వెళ్ళింది. మళ్ళీ రాలేదు.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. ఐదో రోజు దీపాలు పెట్టే వేళ మా కిటికీ అద్దం మీద రాయి పడింది. గాజుముక్కలు పెద్దమ్మ మంచం మీద పడ్డాయి. అదృష్టం బాగుండి ఆమె వంటింట్లో ఉంది. రోడ్డున పోతున్న గుంపు వీధి దీపాన్ని కొట్టబోతే తగిలిందో, మా ఇల్లని తెలిసే వేశారో నాకిప్పటికీ తెలియదు. ఆ సాయంత్రం మాత్రం అనుమానమే లేదు. అంతా నా చుక్క చేసిన పనే. పెద్దమ్మ గాజుముక్కలు ఏరుతూ, "పోనీలే, మనుషులకు తగల్లేదు," అంటుంటే, ఆమెకు నిజం చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. ఆమె దుప్పటి మీదే ఆమె ఇల్లు గీసి ఊరందరికీ చూపించింది నేనేనని ఎట్లా చెప్పను?

ఒకసారి, కనీసం ఆ ఇళ్ళవాళ్ళందరినీ హెచ్చరిద్దామని కూర్చున్నాను. గుర్తున్నంతవరకు ఎర్ర చుక్కల ఇళ్ళను వరసగా ఒక కాగితం మీద రాయడం మొదలుపెట్టాను. మొదటి వీధి అయిపోయి రెండో వీధిలోకి వచ్చాక చెయ్యి ఆగిపోయింది. చేస్తున్నదేమిటి? ఒక జాబితా పోయిందని ఏడుస్తూ ఇంకొకటి తయారు చేస్తున్నాను. ఆ కాగితాన్ని పొయ్యిలో పెట్టి, పూర్తిగా బూడిదయ్యేదాకా అక్కడే కూర్చున్నాను. పెద్దమ్మ వచ్చి, "పొయ్యి మీద ఏమీ లేకుండా మంటేమిటే?" అంది. చలిగా ఉందన్నాను. మిట్టమధ్యాహ్నం.

పదకొండో రోజు గొడవలు కాస్త సద్దుమణిగాయి. రికార్డులు ఇవ్వాల్సినవాళ్ళు వచ్చి ఇచ్చిపొమ్మని కాలేజీ ఒక పూట తెరిచారు. వెళ్ళాను. వరండా చివర ఎండలో అటెండరు తాత కూర్చుని, కత్తెరతో బట్ట కత్తిరిస్తున్నాడు. నల్లబల్లలు తుడిచే డస్టర్లు. కాలేజీకి డస్టర్లు కొన్న రోజు ఎప్పుడూ లేదు, పాత బట్టలతో ఆయనే చేసేవాడు. నేను దాటిపోతూ ఒకసారి చూశాను. చూసి అక్కడే నిలబడిపోయాను. బట్టకు నీలం అంచు ఉంది.

"తాతా, ఈ బట్ట ఎక్కడిది?"

ఆయన తలెత్తలేదు. "నీదే టీచరమ్మా. నానబెడ్తె కాగితం ఊడింది. మంచి బట్ట, పారేసుడెందుకు?"

ఆయన పక్కనే మెట్టు మీద కూలబడ్డాను. "ఎప్పుడు తీశావు?"

"మీటింగు మొదటి రోజే. ఇంకా ఎవరూ రాకముందే పొద్దుగాలనే వచ్చి తీసిన. కాగితాన్ని పిసికి ముద్ద చేసి మోరిల ఏసిన."

"ఎవరు తీయమన్నారు?"

"ఎవరంటరు? నాకు చదువు రాదు. కని నక్ష, అదే మీ మ్యాపు, సమజైతది." కత్తెర పక్కన పెట్టాడు. "ఇరవై ఏండ్ల కింద, నైజాం పోయే గడబిడల, మా బస్తీల గూడ ఒకడు ఇండ్లు రాసుకున్నడమ్మా. ఇంట్ల ఎంతమందుంటె అన్ని బియ్యమిస్తరని చెప్పి రాసుకున్నడు. మేమే కూసోబెట్టి చాయ్ పోసినం. వారం తర్వాత ఇంకెవరో వచ్చిండ్రు, చేతిల అదే కాగితం. మా అన్న ఇల్లు ఉండె అందుల." ఒళ్ళో బట్ట మడత సరిచేసుకున్నాడు. "రాసినోడు చెడ్డోడు కాదు. ఇప్పటికీ అనుకుంట, వాడు చెడ్డోడు కాదు."

నేను ఏడ్చాను. సంతోషమో, సిగ్గో, రెండూనో. "నాకు చెప్పొచ్చు కదా తాతా. పదకొండు రోజులు చచ్చి బతికాను."

"చెప్తె ఏమయితది? తీసిండంట అంటరు. ఏడున్నది అని ఇంకొకడు అడుగుతడు. లేనిదాని మాట ఎందుకు?" అని మళ్ళీ కత్తెర అందుకున్నాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు, "నువ్వు అడిగితె చెప్తుంటి. నువ్వు అడగలె," అన్నాడు.

నిజమే. ఆ పదకొండు రోజుల్లో నేను మాస్టారిని అడిగాను, అక్కను నిలదీశాను. ఆ గోడకు మేకులు కొట్టిన మనిషిని అడగాలని తోచలేదు.

ఆయన ఒక డస్టరు నా చేతిలో పెట్టాడు. దాన్ని పట్టుకుని నేరుగా సీతాఫల్‌మండికి నడిచాను. దారి పొడవునా ఏం చెప్పాలో కూర్చుకుంటూనే ఉన్నాను. అక్క నల్లా దగ్గర బిందె పట్టుకుని నిలబడి ఉంది. నేను కూర్చుకున్నవన్నీ మర్చిపోయి, డస్టరు చూపించి, తాత చెప్పిందంతా ఏడుస్తూ చెప్పాను. ఆమె బిందె నిండేదాకా విన్నది. నిండాక నల్లా కట్టేసింది.

"ఒక పిలగాణ్ని పంపిన మీ ఇంటికి," అంది. "ఆడోళ్ళు ఇద్దరే ఉంటరు, పాలో కూరగాయలో కావాల్నేమో అడిగి తెచ్చిపెట్టు, ఎవడన్న ఆ దిక్కు వస్తె చూస్తుండు అని. తలుపు మొకం మీద ఏసినవట. వాడు గల్లీ చివర్న నిలబడి వారం చూసిండు మీ ఇంటిని. రాయి పడ్డ రోజు వానికి జెరమొచ్చి రాలె."

ఆమె చెయ్యి పట్టుకున్నాను. "నన్ను క్షమించు అక్కా. భయంతో అడిగాను."

"అడిగినందుకు కాదు చెల్లె." ఆమె చెయ్యి విడిపించుకోలేదు, నా చెయ్యి పట్టుకోనూ లేదు. "తొమ్మిదిమందిమి ఉన్నం కదా మనం. మొట్టమొదలు నా ఇంటికే ఎట్లొచ్చినవ్? నువ్వు ఇండ్లకే చుక్కలు పెట్టినవనుకున్న. నాకు గూడ పెట్టినవ్." బిందె చంకనెత్తుకుని లోపలికి పోయింది.

ఇంటికి వచ్చి పెద్దమ్మకు అంతా చెప్పాను. ఆమె తిట్టలేదు. డస్టరు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "దుప్పటి పోతే పోయింది. ఆ పిల్ల మాటేంటే?" అంది.

ఆ పిల్ల తర్వాత కూడా నాతో మాట్లాడింది. పరీక్షకు నోట్సు ఇచ్చింది. కానీ ఆదివారాలు మా అరుగు మీద కనపడలేదు. పెద్దమ్మ రెండుసార్లు పిలిపించింది. రెండుసార్లూ ఏదో పనుందని కబురు చేసింది. మూడోసారి పెద్దమ్మ పిలవలేదు, ఆదివారాలు పులుసు పెట్టడమూ మానేసింది. నేను చివరి పరీక్ష పాఠం మళ్ళీ 'మన వాడ' మీదే చెప్పాను. నల్లాలు, చెట్లు, మోరీ ఎటు పారుతుంది, వాన వస్తే నీళ్ళు ఎక్కడ నిలుస్తాయి, అంతే. బయటి నుంచి వచ్చిన పరీక్షాధికారి, "బాగుంది, కానీ ఇందులో జనమేరీ?" అని మార్కులు తగ్గించాడు. ఆ తర్వాత ముప్పై రెండేళ్ళు అదే పాఠం అట్లాగే చెప్పాను. పిల్లలకు ఎప్పుడూ ఆసక్తి తగ్గలేదు. మీరు అడిగే కిటుకుల్లో అదొకటి, రాసుకోండి. మ్యాపు గీయించే ముందు, దాన్ని పిల్లలు కాకుండా ఇంకెవరు చదువుతారో ఒకసారి ఆలోచించండి.

అక్కకు సొంత జిల్లాలో ఉద్యోగం వచ్చింది. నాకు నగరంలోనే వచ్చింది. కొత్త సంవత్సరానికి ఒక కార్డు, అంతే మా మధ్య మిగిలింది. పెద్దమ్మ పోయినప్పుడు వచ్చింది, నాకంటే ఎక్కువ ఏడ్చింది, ఆ సాయంత్రమే వెళ్ళిపోయింది. చాలా ఏళ్ళకు ఆమె హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరవుతూ సన్మానానికి రమ్మని కార్డు వేసింది. వెళ్ళాను. భోజనాల దగ్గర ఆమె స్కూలు టీచర్ల మధ్య కూర్చున్నాను. అక్కే స్వయంగా వడ్డిస్తోంది. నా పక్కనున్న టీచరు, చిన్నపిల్ల, మంచి మనసుతోనే నన్ను పలకరించింది. "మేడం, మాటల్ల తేడా ఉన్నది. మీది ఎక్కడ?"

అన్నేళ్ళ తర్వాత కూడా ఆ ప్రశ్న వినగానే పాత భయం తిరిగొచ్చింది. ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఏమని చెప్పాలో తెలియక తలెత్తితే, ఎదురుగా అక్క నిలబడి ఉంది.

"గీమెదా? తార్నాక," అంది అక్క. నా విస్తట్లో ఇంకో గరిటె పప్పు వేసి, పక్క వరసకు వెళ్ళింది.